ముందు నిద్రపోనివ్వండి
పదో తరగతి గదిలో రెండో పీరియడ్‌కి వెళ్లి చూడండి: చెంప మీద నోటుబుక్కు స్పైరల్ అచ్చు పడి, పేరు పిలవగానే కస్సుమనే పిల్లాడు ఒకడైనా కనిపిస్తాడు. వాడికి పొగరంటారు టీచర్లు, ఒత్తిడంటారు కౌన్సెలర్లు. నేనైతే ముందు ‘రాత్రి ఎన్నింటికి పడుకున్నావురా?’ అని అడుగుతాను. మన రెసిడెన్షియల్ స్కూళ్లు, కాలేజీల్లో తెల్లవారుజామున ఐదింటికే లేపి, రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్లో కూర్చోబెట్టడం కొత్తేమీ కాదు. ఈ వయసులో ఒంట్లో నిద్ర తెప్పించే మెలటొనిన్ ఆలస్యంగా ఊరుతుంది. పక్క ఎక్కినా వెంటనే కన్ను మూతపడదు. కావలసింది 8 నుంచి 10 గంటల నిద్ర, దక్కేది ఆరు, అదీ కష్టమ్మీద. నిద్ర చాలని మెదడు కోపాన్ని అదుపులో పెట్టుకోలేదు, పెద్దవాళ్లమైన మన వల్లే కాదు కదా! అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే హైస్కూళ్లు ఉదయం 8:30 కన్నా ముందు మొదలుపెట్టొద్దంది. కాలిఫోర్నియా 2022 నుంచి దాన్ని చట్టంగా అమలుచేస్తోంది. ఇక్కడ యోగా, ధ్యానం, వ్యక్తిత్వ వికాసం అన్నీ పెడతారు, తరచూ నిద్రలోంచి కోసిన గంటలోనే. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు తెల్లవారుజాము స్టడీ అవర్ ఎత్తేయమని గట్టిగా అడగండి. ర్యాంకు పోతుందని యాజమాన్యం భయపెడితే, ఆ గంటలో మా వాడు ఎన్ని పేజీలు మెలకువగా చదివాడో చూపించమనండి.