విద్యుచ్ఛక్తికి గుమ్మి ఎక్కడ?

పండిన వడ్లను గుమ్మిలో పోసి ఏడాదంతా తినవచ్చును. విద్యుచ్ఛక్తికి ఆ సౌలభ్యం లేదు. పుట్టిన క్షణముననే ఖర్చు కావలెను. మిట్టమధ్యాహ్నం సౌరఫలకాలు ఇచ్చే కరెంటు దీపాల వేళకు మిగలదు. అందుకే నేడు ప్రపంచమంతటా శక్తిని నిల్వచేసే సాధనాలకు ఇంత గిరాకీ. 2010 నుండి 2023 వరకు లిథియం బ్యాటరీల ధర సుమారు పదింట తొమ్మిది పాళ్ళు తగ్గింది. మహబూబ్‌నగర్ సమీపాన దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది. మన పట్టభద్రులకు అక్కడ కొలువులు దొరికితే మాకు సంతోషమే.

అయితే బ్యాటరీ ఒక్కటే గుమ్మి కాదు. మిగులు కరెంటుతో నీటిని ఎత్తుకు తోడి, అవసరం పడినప్పుడు కిందికి వదలి టర్బైన్లు తిప్పుట మరొక పద్ధతి. ఇందులో నాలుగు యూనిట్లు పెడితే సుమారు మూడు తిరిగివచ్చును. వెయ్యి లీటర్లను నూరు మీటర్లు ఎత్తితే దాగేది పావు యూనిట్టుకు కొంచెం ఎక్కువ మాత్రమే. కనుక నీరు విస్తారంగా కావలెను; నీటికి నేల కావలెను. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

ఈ విద్య మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో నీటిని తిరిగి తోడగల యంత్రాలను 1980 దశకంలోనే అమర్చినారు. దిగువ జలాశయం సకాలంలో సిద్ధం కాక ఆ శక్తి చాలా ఏళ్ళు సరిగా వినియోగపడలేదు. యంత్రం కొన్నవారు చెరువును మరచిరి! శ్రీశైలం ఎడమగట్టున తరువాత ఇటువంటివే ఆరు వచ్చినవి.

ఇక మన కొమురవెల్లి మల్లన్న పేరు మోసే మల్లన్నసాగర్ సంగతి. 2022లో ప్రారంభమైన ఈ 50 టీఎంసీల జలాశయం సాగునీటికై కట్టినది, విద్యుత్తుకు కాదు. గోదావరి నీరు ఇక్కడికి చేరుటకు నాలుగు వందల మీటర్లకు పైగా ఎక్కవలెను. దీని కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్ళు మునిగినవి. రేపు విద్యుత్తు నిల్వ పేరిట వర్తకులు గుట్టలు, లోయలు వెదకుచు వస్తారు. ఉన్న జలాశయాలను జతచేసి వాడిన పిమ్మటనే కొత్త నేల అడగవలెనని మా అభిప్రాయం. నదికి దూరంగా చిన్న జలాశయాలు చాలునని కొందరందురు. నిజమే, కాని చిన్న జలాశయం కింద కూడా ఒకరి పొలం ఉండును. నిల్వచేసిన యూనిట్టు ధరలో ఆ పొలం ధర కలిసినదా?

భౌతికశాస్త్ర విద్యార్థులు ఎత్తిపోతల లెక్క వేయవచ్చును. అర్థశాస్త్ర విద్యార్థులు గజ్వేల్ పునరావాస కాలనీకి వెళ్ళి, భూమి ఇచ్చినవారు నేడు ఏ పని చేసి బ్రతుకుచున్నారో అడిగి రాసుకొనవచ్చును. కళాశాల కమిటీ పెద్దలు ఒక్కరోజు బస్సు ఖర్చు భరిస్తే చాలును.