తథాస్తు దేవతలూ, నా గాల్‌బ్లాడరూ

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోబోతున్నవాడికి, ఆల్రెడీ చేయించుకున్నవాడు ఇచ్చే మొట్టమొదటి సలహా ఏంటో తెలుసా? ప్రొటీన్ గురించి కాదు. నడక గురించీ కాదు. "ఎవరికీ చెప్పకు. అడిగితే గాల్‌బ్లాడర్లో రాళ్ళున్నయి, తీసేసిండ్రు అని చెప్పు."

నాకూ అదే చెప్పారు. నేనూ అదే చేశాను. ఏమాటకామాట, అబద్ధం మాత్రం మహా గట్టిది. రెండూ కెమెరా పెట్టి చేసే ఆపరేషన్లే, పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు అటూ ఇటూగా ఒకేలా కనిపిస్తాయి. గాల్‌బ్లాడర్ తీసినవాడు కొన్నాళ్ళు నూనె తగ్గించి తింటాడని అందరికీ తెలుసు కాబట్టి కంచంలో కొంచెం పెట్టుకున్నా ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. టెస్ట్ కేసులన్నీ పాస్. ప్రొడక్షన్లో ఏమైందో చెప్పడానికే ఈ గోలంతా.

మాది బోధన్, శక్కర్‌నగర్. బాపు నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1937లో నిజాం కాలంలో పెట్టిన ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా అప్పజెప్పేవాళ్ళు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్లో మూతపడింది. క్రషింగ్ సీజన్లో ఊరంతా కమ్ముకునే ఆ మొలాసిస్ వాసన ఇప్పుడు లేదు గానీ, తీపి మాత్రం ఊరిని వదల్లేదు. మా ఇంటికి ఎవరొచ్చినా చాయ్‌లో చక్కెర ఎంత వెయ్యాలి అని అడగరు. అలా అడగడమే అవమానం.

అలాంటి ఊరివాడికి ఇరవయ్యారేళ్ళకే షుగర్ వచ్చింది. (రెండు రకాల షుగరూ మాదే, ఏం చేస్తాం.) 5 అడుగుల 8 అంగుళాల ఎత్తుకి 128 కేజీలు. బీఎంఐ 43 దగ్గర. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం. అంతకు ముందు చెయ్యనిది లేదు. ఉప్పులేని వంట, కొబ్బరినూనె డైటు, ఏడాది ఫీజు కట్టి నెలన్నర వెళ్ళిన జిమ్ము. ప్రతిసారీ పది తగ్గడం, పన్నెండు పెరగడం. 2023 అక్టోబర్లో హైదరాబాద్‌లో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నా. రూమ్మేట్ సంతకం పెట్టాడు. ఇంటికి రెండు వారాల తర్వాత ఫోన్ చేసి "చిన్న ఆపరేషనే, అయిపోయింది కూడా, గాల్‌బ్లాడర్" అని చెప్పేశా. కంపెనీ ఇన్సూరెన్స్ కాబట్టి హెచ్‌ఆర్‌కి తెలుసు, టీపీఏలో కాగితాలు చూసే అతనికి తెలుసు. మా అమ్మకి తెలీదు.

ఎందుకు దాస్తాం? ఒకే ఒక్క మాటకి భయపడి. "షార్ట్‌కట్".

ఈ మాట అనేవాళ్ళతో నాకు పెద్ద పేచీ ఉంది. గుండెకి స్టెంట్ వేయించుకుంటే ఎవరూ షార్ట్‌కట్ అనరు. 2019లో మన ఇన్సూరెన్స్ రెగ్యులేటరే రూల్ రాసింది: డాక్టర్ సలహా ఉండి, పద్దెనిమిదేళ్ళు నిండి, బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి అదుపులో లేని షుగర్, గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా లాంటివి ఉండి మిగతా మార్గాలన్నీ ఫెయిలైతే, ఈ ఆపరేషన్‌ని మినహాయింపుల్లో పెట్టకూడదని. 2022లో అమెరికా సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి 1991 నాటి పాత ప్రమాణాలు సడలించి, ఆసియా వాళ్ళకైతే 27.5 నుంచే దీన్ని పరిశీలించాలని చెప్పాయి. అంటే ఇది జబ్బుకి చేసే వైద్యం. అందానికి చేసే సోకు కాదు. మా చుట్టాలైతే ఇప్పటికీ ఆర్తీ అగర్వాల్ పేరు ఎత్తుతారు. 2015 జూన్‌లో పాపం ఆవిడ చనిపోయినప్పుడు, కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వుని గొట్టంతో లాగడం. పొట్టనీ పేగునీ ముట్టుకోదు. దీనికీ దానికీ సంబంధం లేదని చెప్పడానికి నాకు పది నిమిషాలు, వినేవాళ్ళకి ఆవలింతలు.

ఇక షార్ట్‌కట్ సంగతి. బైపాస్‌లో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిలా విడగొడతారు. దాదాపు 30 ఎం.ఎల్. మన భాషలో చెప్పాలంటే ఒక చిన్న పెగ్గు. దాన్ని పేగులో కిందకి తీసుకెళ్ళి కలుపుతారు, తిన్నది పేగు మొదటి భాగాన్ని ముట్టుకోకుండా పోతుంది. మొదటి రెండు వారాలూ నీళ్ళలాంటివే. తర్వాత మెత్తగా మిక్సీ పట్టినవి, ఆ తర్వాత మెత్తటి కూడు. నెలన్నర రెండు నెలలకి గానీ మామూలు తిండి మొహం చూడం. అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి, కానీ రోజు మొత్తంలో లీటరున్నర తగ్గకూడదు. అంటే రోజంతా గుక్క గుక్కగా తాగుతూనే ఉండాలి. ప్రొటీన్ రోజుకి 60 నుంచి 80 గ్రాములు. కంచంలో ముందు గుడ్డో చేపో పెరుగో, చోటు మిగిలితేనే అన్నం. బి12, ఐరన్, కాల్షియం, డి, మల్టీవిటమిన్... కోర్సు కాదండీ, జీవితాంతం. ఐరన్, కాల్షియం కలిపి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ వేసుకుని వెంటనే చాయ్ తాగితే అది ఒంటికి సరిగ్గా పట్టదు. మూడు నుంచి ఆరో నెల మధ్య జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. మళ్ళీ వస్తుంది, కంగారు పడి గుండు మాత్రం కొట్టించుకోకండి :)

ఇది షార్ట్‌కట్ అయితే లాంగ్‌కట్ ఎలా ఉంటుందో నాకు చూడాలనుంది.

కానీ నా అసలు గొడవ షార్ట్‌కట్ అనేవాళ్ళతో కాదు. వాళ్ళకి భయపడి "ఎవరికీ చెప్పకు" అనే మనవాళ్ళతోనే. ఎందుకంటే పైన చెప్పిన దినచర్య చూడండి, అందులో దాచిపెట్టి చేయగలిగేది ఒక్కటన్నా ఉందా?

2024 ఫిబ్రవరిలో వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఇంటికెళ్ళా. మా మేనమామ కూతురి పెళ్ళి, మార్చిలో, నిజామాబాద్‌లో. నెలపైనే ఇంట్లో ఉన్నా. మాత్రలన్నీ బ్యాగు అడుగున. గాల్‌బ్లాడర్ తీసినవాడికి ఇన్ని మాత్రలెందుకని అడుగుతుందని భయం. అమ్మ గదిలోకి రాని టైములో వేసుకోవడం, రెండ్రోజులు వేసుకుంటే మూడ్రోజులు మర్చిపోవడం. అందులో ఒక మాత్ర రాళ్ళు రాకుండా ఇచ్చింది. బరువు వేగంగా తగ్గేవాళ్ళకి నిజంగానే గాల్‌బ్లాడర్లో రాళ్ళు తయారవుతాయి, అందుకే చాలామందికి ఆర్నెల్లు ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్ ఇస్తారు. నాకూ ఇచ్చారు. గాల్‌బ్లాడర్ లేనివాడు గాల్‌బ్లాడర్ మందు వేసుకుంటే బాగోదని దాన్నే అన్నిటికంటే ముందు మానేశా. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

తిండి ఇంకో నాటకం. "ఏంరా, గింతేనా తినేది? పిల్లి నాకినట్టు నాకుతవేంది?" అని అమ్మ. ఆ మాట పడలేక నాలుగు ముద్దలు గబగబా మింగడం, పెరట్లోకి వెళ్ళి కక్కుకోవడం. పెళ్ళికి పదిరోజుల ముందు నుంచీ దాదాపు రోజూ ఇదే. బయటికెళ్తే మామలు కల్లు దగ్గర కూచోబెడతారు. ఇదొకటి చెప్పాలి: బైపాస్ అయినవాడికి మందు చాలా వేగంగా తలకెక్కుతుంది, దిగడం ఆలస్యం. ఆపరేషన్ అయిన రెండో ఏడు నుంచి తాగుడు సమస్యలు పెరుగుతాయని డాక్టర్లు ముందే హెచ్చరిస్తారు. తిండితో తీర్చుకున్న బాధని గ్లాసుకి మార్చుకుంటారన్నమాట. వీకెండ్ టీమ్ పార్టీల వాళ్ళకి ఈ ఒక్క ముక్క రెండుసార్లు చదవమని మనవి. కల్లు దగ్గర నేను "యాంటీబయోటిక్స్‌లో ఉన్నా మామా" అని ఇంకో అబద్ధం.

పెళ్ళిలో బగారా, మటన్, డబుల్ కా మీఠా. వద్దంటే పెళ్ళికూతురి అన్న అలుగుతాడు, తినకపోతే వడ్డించేవాడు కదలడు. మీఠా రెండు చెంచాలు తిన్నా. పావుగంటలో ఒళ్ళంతా చెమట, గుండె దడదడ, కళ్ళ ముందు చీకట్లు. దీన్ని డంపింగ్ అంటారు. తీపి ఒక్కసారిగా పేగులోకి జారి పడితే ఒళ్ళు చేసే హంగామా. చక్కెర ఫ్యాక్టరీ ఊరివాడు రెండు చెంచాల చక్కెరకి కుర్చీలో ఒరిగిపోయాడు. ఎండదెబ్బ అన్నారు, నిమ్మరసంలో ఇంకో నాలుగు చెంచాల చక్కెర కలిపి తెచ్చారు! తప్పించుకున్నా. రాత్రికి మటన్ తన పని మొదలెట్టింది. కుడి డొక్కలో నొప్పి, వీపులోకి పొడుస్తూ, ఆగకుండా వాంతులు.

అర్ధరాత్రి ఖలీల్‌వాడీలో ఒక ఆస్పత్రి. నిజామాబాద్ వాళ్ళకి తెలుసు, ఆ గల్లీలో ఇల్లు కంటే ఆస్పత్రి దొరకడం తేలిక. డ్యూటీ డాక్టర్ "ఇంతకు ముందు ఏమన్నా ఆపరేషన్లు అయినయా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "అయింది సార్, గాల్‌బ్లాడర్ తీసేసిండ్రు". నేను ఊరుకున్నా. ఇప్పటికీ సిగ్గుపడేది ఆ ఊరుకున్నందుకే. వాంతులకి మన దగ్గర మొదటి వైద్యం గ్లూకోజ్ ఎక్కించడం, నొప్పికి డైక్లోఫినాక్ సూది. ఆయన ఆ రెండే రాశాడు. ఆయన తప్పు రవ్వంత లేదు, నేను చెప్పినదాన్ని బట్టి అది సరైన వైద్యమే. కానీ బైపాస్ అయినవాడికి ఆ రకం నొప్పి మందులు పడవు, అతుకు దగ్గర అల్సర్ వచ్చే ప్రమాదం. రోజుల తరబడి వాంతులు అయినవాడి ఒంట్లో థయమిన్, అంటే బి1, అడుగంటిపోతుంది. అలాంటప్పుడు బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. చూపు, నడక, జ్ఞాపకం... అన్నీ. ఇవన్నీ డిశ్చార్జ్ రోజు నాకిచ్చిన కాగితంలో ఉన్నాయి. ఆ కాగితం ఎక్కడుంది? బ్యాగు అడుగున, మాత్రల కింద.

ముందు స్కాన్‌కి తీసుకెళ్ళడం నా అదృష్టం. స్కాన్ చేసే డాక్టరమ్మ గొట్టాన్ని డొక్క మీద రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, మా అమ్మ వైపు చూసి, "గాల్‌బ్లాడర్ తీసేశారన్నారు? ఇక్కడే ఉంది కదమ్మా. రాళ్ళు కూడా ఉన్నాయి" అంది.

తథాస్తు దేవతలు ఖలీల్‌వాడీలో కూడా తిరుగుతారని అప్పుడే తెలిసింది.

నిజం మొత్తం ఆ బల్ల మీద పడుకునే చెప్పా. డ్యూటీ డాక్టర్ తిట్టలేదు. "గీ మాట ముందే చెప్పాలె కదా తమ్మీ" అని చీటీ కొట్టేసి, ముందు బి1 రాసి, హైదరాబాద్‌లో నా సర్జన్ నంబర్ అడిగాడు. రెండు వారాలకి హైదరాబాద్‌లో గాల్‌బ్లాడర్ నిజంగానే తీసేశారు. ఇప్పుడు నేను ఎవరికి చెప్పినా అబద్ధం కాదు.

"అది నా పర్సనల్ విషయం, ఊరందరికీ ఎందుకు చెప్పాలి?" అంటారా? నిజమే, ఊరికి చెప్పకండి. టీ మెషిన్ దగ్గర కలిసే మేనేజర్‌కీ చెప్పకండి. కానీ మీకు వండిపెట్టే మనిషికి చెప్పాలి, మీ చెయ్యి పట్టుకుని చూసే ప్రతి డాక్టర్‌కీ చెప్పాలి. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని అమ్మాయిల చేత ఎక్కువ దాచిపెట్టిస్తారు. ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర గర్భం రాకుండా చూసుకోమంటారు డాక్టర్లు. ఆ సంగతి తెలియని అత్తగారింట్లో మూడో నెల నుంచే "విశేషమేమన్నా ఉందా" మొదలవుతుంది. గర్భం వచ్చాక తాగించే గ్లూకోజ్ నీళ్ళ పరీక్ష కూడా బైపాస్ అయినవాళ్ళకి పనికిరాదు, వేరే పద్ధతిలో చూడాలి. దాచిపెట్టి చేసిన సంబంధంలో ఇవన్నీ ఎవరికి చెప్పుకుంటుంది ఆ పిల్ల? నన్నడిగితే, ఈ మాట వినగానే వెనక్కిపోయే సంబంధం పోవడమే లాభం.

ఇంకో సంగతి. మొదటి ఏడాది ఆకలి ఉండదు, అద్దం చూసుకుంటే ముచ్చటేస్తుంది. రెండో ఏడు ఆకలి తిరిగొస్తుంది. సంచి చిన్నదే, కానీ అది కొలిచేది పరిమాణాన్ని, కేలరీలని కాదు. చికెన్ ముక్క అడ్డం పడుతుంది గానీ చాయ్‌లో ముంచిన బిస్కెట్లు, ఐస్‌క్రీమ్, డెస్క్ మీద మిక్చర్ పొట్లం ఎంచక్కా జారిపోతాయి. అలా గంటకోసారి కొంచెం కొంచెంగా బరువు మళ్ళీ ఎక్కించుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళల్లో ఎక్కువమంది దాచినవాళ్ళే. అడగడానికి పక్కన ఎవరికీ తెలియదు కదా మరి. నేను ఇప్పుడు 86. గత చలికాలంలో నాలుగు కేజీలు పెరిగితే ముందు కనిపెట్టింది మా అమ్మే, నా వేయింగ్ మెషిన్ కాదు.

ఆ రాత్రి ఆస్పత్రిలో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు తిట్లకంటే అదే భయమేసింది. మూడో రోజు ఇంటికెళ్ళాక అటక మీద నుంచి చిన్న గిన్నె ఒకటి తీసి తోమింది. నా చిన్నప్పటి ఉగ్గుగిన్నె. "ఇండ్ల పట్టేంతనేనా?" అంది. ఇంచుమించు అంతే అన్నా. మెత్తగా ఉడికిన పెసరపప్పు అందులో పెట్టి, గడియారం చూసి, "అరగంట దాకా నీళ్ళడుగకు మరి" అంది. ఆ కాగితం ఎప్పుడు చదివిందో.

సాయంత్రం బాపు చాయ్ పెట్టాడు. ఎప్పుడో గానీ పెట్టడు. స్టౌ దగ్గర్నుంచే కేకేశాడు. "ఏంరా, చక్కెర ఎయ్యాల్నా వద్దా?"

వద్దన్నా.