తేలు బొమ్మతో తీరే బాధ్యతేనా ఇది?

చదువురాని వాళ్లకు కూడా ప్రమాదం తెలియాలని పొగాకు ప్యాకెట్ల మీద బొమ్మలు పెట్టామంటుంది ప్రభుత్వం. మంచిదే. మరి 2009 మే 31న ఆ నిబంధన అమల్లోకి వచ్చినప్పుడు నమిలే పొగాకు మీద వేసిన బొమ్మ ఏమిటి? తేలు! కట్టెల మోపులో, పొలం గట్టున తేళ్లను చూస్తూ బతికే మన ఆడవాళ్లకు ఆ బొమ్మలో నోటి క్యాన్సర్ ఎలా కనిపిస్తుంది? క్యాన్సర్ సోకిన నోటి బొమ్మ రావడానికి 2011 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది. ప్యాకెట్టు రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక ఉండాలన్న నియమం 2016 ఏప్రిల్‌లో గానీ అమలు కాలేదు. దాన్నీ వ్యాపారులు కోర్టుకీడ్చారు. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇవ్వబట్టి బొమ్మ నిలిచింది.

ఇది మన సమస్య ఎందుకంటారా? 2016-17లో దేశమంతటా జరిగిన సర్వే ప్రకారం పొగతాగే స్త్రీలు 2 శాతం. పొగ లేకుండా పొగాకు వాడే స్త్రీలు 12.8 శాతం. పొగాకు అనగానే సిగరెట్టూ, మగవాడూ గుర్తొచ్చే వాళ్లకు ఈ స్త్రీలు కనిపించరు. పొద్దుటి నుంచి నడుం వంచి పనిచేసే కూలి మనిషి ఆకలి తెలియకుండా బుగ్గన ఇంత పొగాకు పెట్టుకుంటుంది. దాన్ని చెడు అలవాటని తిట్టడం తేలిక. ఆ ఆకలి గురించి మాట్లాడటమే కష్టం.

గర్భిణి పొగాకు నమిలితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు, కడుపులోనే చనిపోనూవచ్చు. 2016 నాటి హెచ్చరిక నోటి క్యాన్సర్ గురించే చెప్పింది. ఈ మాట చెప్పలేదు.

అసలు ఆమె కొనేది ప్యాకెట్టేనా? సంతలో విడి పొగాకు, కాగితంలో చుట్టిన పొడి! 2003 నాటి చట్టం ప్యాకెట్టు మీద హెచ్చరిక ఉండాలంటుంది. ప్యాకెట్టే లేనిచోట బొమ్మ ఎక్కడ? మానాలనుకునే వాళ్ల కోసం 2018 నుంచి ముద్రిస్తున్న ఫోను నంబరూ ఆ ప్యాకెట్టు మీదే ఉంది!

"బొమ్మ వేశాం, అయినా తింటే ఆమె ఖర్మ" అని చేతులు దులుపుకోనివ్వకూడదు. ప్రమాదం తెలుసుకోవడం ఆమె హక్కు. మానడానికి సాయం పొందడం కూడా హక్కే. విడి అమ్మకాలు ఆపాలి. గర్భిణులకు జరిగే హానిని హెచ్చరికలో చేర్చాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్త్రీల నోరు పరీక్షించి, మానేందుకు తోడ్పడాలి. మన సంఘాల సమావేశాల్లో ఈ డిమాండ్లు ఈసారి ఎజెండాకెక్కాలి.