‘నేను నేనులా లేను’ అన్నప్పుడు

అద్దంలో ముఖం తనదేనని తెలుసు, అయినా తనదిగా అనిపించదు. తన గొంతు ఎవరిదో విన్నట్టు ఉంటుంది. కన్నతల్లి ఎదురుగా కూర్చున్నా మధ్యలో గాజుపలక అడ్డున్నట్టు, ఇల్లూ వీధీ సినిమా సెట్టింగులైనట్టు తోస్తాయి. మనిషి తనకు తానే పరాయిగా తోచే ఈ స్థితికి 1898లో ఫ్రెంచ్ మనోవిజ్ఞాని లుడోవిక్ దుగా డీపర్సనలైజేషన్ అని పేరు పెట్టాడు. లోకమే అవాస్తవంగా తోస్తే డీరియలైజేషన్ అంటారు. అమెరికా మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 ప్రకారం పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలా అనిపిస్తుంది, దానంతటదే పోతుంది. సుమారు రెండు శాతం మందిని మాత్రం వదలక వేధించి రుగ్మతగా మారుతుంది. అది మొదలయ్యే సగటు వయసు 16. అంటే మన ఇళ్ళల్లో ఇంటర్ చదివే పిల్లల వయసు. ఆ వయసు పిల్ల ‘నేను నేనులా లేను’ అంటే మన సమాజం దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. గాలి సోకిందని ఒకరంటారు. పూర్వజన్మ సుకృతం, లోకం మాయని ఇంత చిన్న వయసులోనే తెలిసిందని ఇంకొకరంటారు. మొదటిది భయపెడుతుంది, రెండోది పొగుడుతుంది. కానీ రెండూ చేసే తప్పు ఒక్కటే: మనిషి లోపల కలిగిన అనుభూతిని బయటి లోకం గురించిన సాక్ష్యంగా తీసుకుంటాయి.

బాధితులు ఆ తప్పు చేయరు. లోకం నిజంగా మాయమైందని వాళ్ళు అనరు, అలా అనిపిస్తోందని మాత్రమే అంటారు. ఈ వివేకం చెక్కుచెదరకుండా ఉండటం రోగ నిర్ధారణకు ఒక ముఖ్యమైన షరతు. ఇంట్లోవాళ్ళ రూపంలో వేరెవరో వచ్చి చేరారని గట్టిగా నమ్మేవాడి జబ్బు వేరు, దాని చికిత్స వేరు. డీపర్సనలైజేషన్‌లో మెదడు ఎదుటి దృశ్యాన్ని గుర్తుపడుతుంది గాని, దానికి తోడు రావలసిన భావస్పందన రాదు. 2001లో లండన్‌లో మేరీ ఫిలిప్స్ బృందం బాధితులకు జుగుప్స కలిగించే చిత్రాలు చూపిస్తూ మెదడు స్కాన్ తీసింది. జుగుప్సతో సంబంధమున్న ఇన్సులా అనే భాగం స్పందించలేదు. ఉద్వేగాలను అదుపుచేసే ముందుభాగంలో మాత్రం చలనం పెరిగింది. మరుసటి ఏడు మౌరీషియో సియెర్రా బృందం చర్మపు విద్యుత్ స్పందనను కొలిచి, అప్రియ దృశ్యాలకు వీళ్ళ శరీరం తక్కువగా చలిస్తోందని చూపింది. ప్రమాదాల్లో చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మామూలు మనుషులు కూడా ఆ క్షణాల గురించి ఇలాగే చెప్పారని 1970లలో రసెల్ నోయ్స్, రాయ్ క్లెట్టీ రాశారు. భయం ముంచెత్తినప్పుడు ఉద్వేగాన్ని తగ్గించి మనిషిని నిలబెట్టే ఏర్పాటు ఇదని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ప్రమాదం లేకపోయినా ఆ ఏర్పాటు ఆగకుండా నడవడమే బాధ. తీవ్రమైన ఆందోళన, నిద్రలేమి, గంజాయి, చిన్ననాటి మానసిక హింస దాన్ని రేపుతాయి.

ఈ కారణాలను మనసులో ఉంచుకుని భూతవైద్యుడు చేసే పని చూడండి. పిల్లను పస్తుంచుతాడు. రాత్రంతా డప్పుల మధ్య కూర్చోబెడతాడు. వేపమండలతో కొట్టి, ముఖానికి మిరపకాయల పొగ పెడతాడు. చుట్టూ జనం, అందరి కళ్ళూ ఆమె మీదే. నిద్ర, తిండి, ధైర్యం మూడూ పోయి ఊపిరి ఎగబీల్చే పరిస్థితి అది. ఏ ఒత్తిడి వల్ల మనిషి తననుంచి తాను తెగిపోతుందో ఆ ఒత్తిడినే అక్కడ పనిగట్టుకుని కల్పిస్తారు. చివరికి ఆమె పరాయి గొంతుతో అరిస్తే దయ్యం పలికిందంటారు. తామే కల్పించిన లక్షణాన్ని తమ సిద్ధాంతానికి రుజువుగా చూపించడం ఇది. ఈ నమ్మకం ఎంతదూరం పోగలదో తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న దేశమంతా చూసింది. దర్గా మహిమతో నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన మనోరోగుల్లో 28 మంది పాకకు నిప్పంటుకుని, పారిపోలేక చనిపోయారు. వాళ్ళ జబ్బులు వేరు కావచ్చు, వాళ్ళను అక్కడికి చేర్చిన ఆలోచన మాత్రం ఇదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగులను ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

రెండో జవాబు చెప్పేవాళ్ళు చదువుకున్నవాళ్ళు, దెబ్బలు కొట్టరు. దేహం నేను కాదని వేదాంతం చెప్పింది, ఈ పిల్లకు అది అనుభవంలోకి వచ్చింది, జబ్బని ఎందుకంటారని అడుగుతారు. అద్వైతం సరైనదా కాదా అన్నది వాదంతో తేలవలసిన విషయం. దానికి ఈ అనుభూతి సాక్ష్యం కాలేదు. గంజాయి పీల్చినా, నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా ఇదే అనుభూతి రావచ్చు. 2002లో ఓలాఫ్ బ్లాంకే బృందం ఒక మూర్ఛరోగి మెదడులో కుడివైపు ఆంగ్యులర్ గైరస్ అనే చోట స్వల్ప విద్యుత్తు ప్రసరింపజేస్తే, తాను పైకి తేలి మంచం మీది తన శరీరాన్ని చూస్తున్నానని ఆమె చెప్పింది. తీగలో కరెంటుతో తెప్పించగలిగిన అనుభవం దేహాన్ని విడిచిన ఆత్మకు రుజువెలా అవుతుంది? బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన జారెడ్ లిండాల్, విల్లోబీ బ్రిటన్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు బౌద్ధ ధ్యానసాధకులు కూడా లోకం అవాస్తవంగా తోచడం, తానన్న భావం మారిపోవడం వల్ల బాధపడ్డామని చెప్పారు. అలాంటి బాధలో ఉన్నవారిని ‘ఇది మంచి సూచన, ఇంకా లోతుకు వెళ్ళు’ అని ప్రోత్సహించడం నిర్దయ.

తాయెత్తు కట్టాక తగ్గినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ఎక్కువమందిలో దానంతటదే పోయేది తాయెత్తు కట్టాక పోతే ఆ ఘనత తాయెత్తుకు దక్కదు. ఇంకో ఆక్షేపణ బలమైనది: వైద్యం దగ్గర మాత్రం ఖాయమైన మందుందా? లేదు. ఫ్లూఆక్సెటిన్ అనే మందు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదని 2004లో దాన్ని పరీక్షించిన డాఫ్నీ సిమియన్ బృందమే ప్రకటించింది. లామోట్రిజిన్ అనే ఇంకో మందు ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. అయితే తన మందు పనిచేయలేదని తానే పరీక్షించి బయటపెట్టిన భూతవైద్యుడు ఇంతవరకూ లేడు. నమ్మదగిన జ్ఞానానికి ఆ నిజాయితీయే పునాది.

మందు లేకపోయినా ఉపాయాలున్నాయి. 2005లో లండన్‌లో ఎలేన్ హంటర్ బృందం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని చిన్న బృందం మీద ప్రయత్నిస్తే మెరుగు కనిపించింది. ఈ అనుభూతికి పిచ్చి పట్టడమని అర్థం చెప్పుకుంటే భయం, భయంతో మళ్ళీ అదే అనుభూతి వస్తాయి. థెరపీ తెంచేది ఆ ముడినే. ‘ఇంకా అలాగే ఉందా’ అని గంటగంటకూ తన్ను తాను తరచి చూసుకోవడం మానాలి. వేళకు నిద్రపోవాలి, గంజాయి ఉంటే వదిలేయాలి. చన్నీళ్ళ స్పర్శ మీదికో, చేతిలోని పని మీదికో ధ్యాస మళ్ళించాలి. మూర్ఛ, మైగ్రేన్ వంటివి కారణం కావచ్చు కనుక వైద్య పరీక్ష తప్పనిసరి. డాక్టరు దగ్గరికి వెళ్ళేలోగా మాట్లాడటానికి టెలీ మానస్ ఫోన్ సేవ 14416 ఉంది. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇక ఇంట్లోవాళ్ళు ముందు ఆ పిల్లనే అడగాలి: ఎన్ని రాత్రులుగా నిద్ర లేదు, ర్యాంకు కోసం ఎంత భయపడుతోంది, హాస్టల్లోనో ఇంట్లోనో ఎవరి చేతిలోనైనా బాధపడుతోందా అని.