రోమ్: తప్పులెన్ని అని కాదు, ఎవరి మీద అని అడగండి

మా ఇంట్లో "రోమ్" మళ్ళీ మొదలైంది. అదేనండీ, హెచ్‌బీవో, బీబీసీ, ఇటలీ వాళ్ళ రాయ్ కలిసి తీసిన సీరియల్. 2005లో 12 భాగాలు, 2007లో ఇంకో 10, మొత్తం 22తో దుకాణం కట్టేశారు. ఆన్‌సైట్‌లో ఒంటరిగా ఉన్న రోజుల్లో డీవీడీలు తెచ్చుకుని రెండుసార్లు చూశా. ఆ తర్వాత ఏ ఆఫీసులో ఉన్నా, క్యాంటీన్‌లో చరిత్ర మాటొస్తే చాలు, "రోమ్ చూడండి బాస్, పుస్తకాలక్కర్లేదు" అని ఊదరగొట్టేవాణ్ణి. ఇప్పుడు మా ఆవిడకి చూపిస్తున్నా.

మొదటి భాగంలో పుల్లో కనిపించగానే "ఏమండీ, ఈయన ఆర్‌ఆర్‌ఆర్‌లో గవర్నరు కాదూ?" అంది. అవును, ఆయనే, రే స్టీవెన్‌సన్. 2023 మేలో పోయాడు, పాపం. ఆ భారీ మనిషి రోమ్‌లో అంత అమాయకంగా నవ్వుతుంటే "అయ్యో, ఇంత మంచివాడా" అని తెగ ఆశ్చర్యపోయింది. అక్కడిదాకా బానే ఉంది.

నాలుగో రాత్రి అసలు ప్రశ్న వచ్చింది. "ఈ ఆటియా నిజంగా ఉందా?"

"ఎందుకు లేదు, సీజర్ మేనకోడలు, ఆక్టేవియన్ తల్లి" అని ఠక్కున చెప్పా.

"ఉందా అని కాదండీ, నిజంగా ఇలాంటిదేనా అని."

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళుగా పదిమందికీ రికమెండ్ చేసినవాణ్ణి, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ వారాంతం కూర్చుని చదివా. చదివాక ఒళ్ళు మండింది. ఈ టపా ఆ మంటే.

ముందుగా ఒక మాట. నేను ఈకలు పీకే బాపతు కాదు. రోమ్‌లో తప్పులు వెతకడం మొదలెడితే బగ్ లిస్టు చాంతాడంత అవుతుంది. ఫిలిప్పై దగ్గర క్రీ.పూ. 42 అక్టోబరులో జరిగినవి రెండు యుద్ధాలు. మొదటిదాంట్లో కేషియస్ చచ్చిపోయాడు, రెండోదాని తర్వాత బ్రూటస్ కత్తి మీద పడి ప్రాణం తీసుకున్నాడు. సీరియల్లో రెండూ కలిపి ఒకే యుద్ధం, బ్రూటస్ ఒంటరిగా శత్రువుల మధ్యకి నడిచి వెళ్ళి వీరమరణం పొందుతాడు. సిసెరోని చంపింది పుల్లో కాదు. మొదటి భాగంలో ఆటియా ఎద్దు రక్తంతో స్నానం చేసే తతంగం ఆ కాలపుదే కాదు, ఆ రకం బలికి ఆధారాలు దొరికేది ఆ తర్వాత రెండొందల ఏళ్ళకి. ఇవన్నీ నా దృష్టిలో బగ్గులే గానీ షోస్టాపర్లు కావు. బడ్జెట్టుంటుంది, నాటకీయతుంటుంది, పోనీలెద్దురూ.

పైగా ఒప్పులు కూడా గొప్పగా ఉన్నాయి. అంతకుముందు సినిమాల్లో రోమ్ అంటే తెల్లటి పాలరాయి, తెల్లటి బట్టలు. వీళ్ళు గుళ్ళకి రంగులేశారు, గోడల నిండా బూతు రాతలు రాయించారు, సందుల్లో మురికి పోయించారు. ప్రతి గుమ్మంలో ఒక దేవుడు, ప్రతి పనికీ ఒక మొక్కు. బానిసలు గదిలో కుర్చీల్లా నిలబడి ఉంటారు, వాళ్ళ ముందే యజమానులు అన్నీ మాట్లాడేసుకుంటారు. అది చూశాక బానిసత్వం అంటే ఏంటో ఏ పాఠ్యపుస్తకం చెప్పనంత బాగా అర్థమవుతుంది. రోమ్ నగర శివార్లలోని చినెచిట్టా స్టూడియోలో సెట్లు వేసి, మొదటి సీజన్‌కే దాదాపు 10 కోట్ల డాలర్లు పోశారు. ఆ డబ్బు తెరమీద కనిపిస్తుంది.

వొరీనస్, పుల్లోల సంగతి చూడండి. ఈ ఇద్దరూ కల్పితం అనుకుంటారు చాలామంది. కాదు. సీజర్ తన గాల్ యుద్ధాల పుస్తకం అయిదో భాగంలో వాళ్ళ గురించి రాశాడు. క్రీ.పూ. 54లో నెర్వీ తెగవాళ్ళు రోమన్ శిబిరాన్ని ముట్టడించారు. అందులో ఇద్దరు సెంచూరియన్లు, ప్రమోషన్ కోసం ఏటా ఒకరితో ఒకరు పోటీపడే రకం. (మన అప్రైజల్ సీజన్ గుర్తొచ్చిందా? నాకూనూ.) పుల్లో "ఇంకెప్పుడు చూపిస్తావురా నీ ధైర్యం" అన్న లెక్కలో గోడ దాటి శత్రువుల మీదకి దూకాడు, ఇరుక్కుపోయాడు. వొరీనస్ వెళ్ళి కాపాడాడు. ఈలోగా వొరీనస్ గోతిలో పడ్డాడు, ఈసారి పుల్లో కాపాడాడు. ఇద్దరూ వెనక్కొచ్చారు. ఎవరు గొప్పో తేల్చడం కష్టమని సీజరే చేతులెత్తేశాడు. అంతే, ఆ ఇద్దరి స్నేహం గురించి చరిత్రకి తెలిసింది ఆ ఒక్క పేరానే.

బ్రూనో హెల్లర్ బృందం ఆ పేరా పట్టుకుని 22 భాగాలు అల్లింది. పుల్లోని సెంచూరియన్ నుంచి మామూలు సిపాయికి దించారు, సరే. కానీ ఆ పేరాలో ఉన్న ప్రాణం, అంటే పడని ఇద్దరు ఒకర్నొకరు కాపాడుకోవడం, దాన్ని చివరిదాకా పోగొట్టలేదు. మన ఆర్‌ఆర్‌ఆర్ చేసిందీ ఇంచుమించు అదే. చరిత్రలో కలిసిన దాఖలా లేని ఇద్దరు నిజం మనుషుల మధ్య స్నేహం ఊహించి, ఇది కల్పన అని ముందే చెప్పి తీశారు. నాకు రెండిటితోనూ పేచీ లేదు.

మన భాషలో చెప్పాలంటే, ఖాళీగా ఉన్న కాలమ్‌లో వేల్యూ నింపడం వేరు, ఉన్న డేటాని చెరిపి దానిమీద ఇంకోటి రాయడం వేరు. మొదటిది కథకుడి హక్కు. రెండోది చేసేవాడు ఎందుకు చేశాడో చెప్పాలి.

ఇప్పుడు ఆటియా దగ్గరికి రండి. సీరియల్లో ఆవిడ ఎలా ఉంటుంది? కూతురి మొగుణ్ణి చంపించేస్తుంది, కూతుర్ని పాంపీకి తార్చాలని చూస్తుంది, ఆంటోనీతో ఏళ్ళ తరబడి సంబంధం, పగబట్టిన మనిషిని చిత్రహింసలు పెట్టిస్తుంది. మరి రికార్డులో ఏముంది? మొదటి భర్త క్రీ.పూ. 59లో పోయాక ఆవిడ ఫిలిప్పస్ అనే మాజీ కాన్సుల్ భార్య. సీరియల్లో ఆ మనిషే మాయం. సీజర్ చచ్చిపోయాక వారసత్వం జోలికి పోవద్దని కొడుక్కి జాగ్రత్త చెప్పిన తల్లి. పిల్లల్ని క్రమశిక్షణతో పెంచిన తల్లులు అంటూ టాసిటస్ మూడు పేర్లు చెప్పాడు: గ్రాకస్ సోదరుల తల్లి కార్నేలియా, సీజర్ తల్లి ఆరేలియా, మూడోది ఈ ఆటియా. క్రీ.పూ. 43లోనే చనిపోయింది. సీరియల్లో మాత్రం ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికి, క్రీ.పూ. 29 విజయోత్సవంలో దర్జాగా కూర్చుంటుంది.

"చక్రవర్తి తల్లి కదా, పొగిడుంటార్లే" అనొచ్చు. నిజమే, పొగడ్తలో సగం కొట్టేయండి. మిగతా సగం కూడా కొట్టేయండి. అప్పుడు మిగిలేది సున్నా. సున్నాలోంచి ఈ రాక్షసి ఎలా పుట్టింది?

పోనీ ఈవిడొక్కర్తేనా అంటే, కాదు. సెర్విలియాని చూడండి. సీజర్‌కి ప్రియురాలన్నది నిజం, బ్రూటస్ తల్లి అన్నదీ నిజం. సీరియల్లో సీజర్ తనని వదిలేశాడన్న కచ్చతో కొడుకుని రెచ్చగొట్టి చంపిస్తుంది, చివరికి ఆటియా గుమ్మం ముందు శాపాలు పెట్టి పొడుచుకుని చస్తుంది. అసలు సెర్విలియా ఎలాంటిదో సిసెరో ఉత్తరంలో ఉంది. సీజర్ హత్య తర్వాత, క్రీ.పూ. 44 జూన్‌లో, ఆంటియంలో బ్రూటస్, కేషియస్‌లతో మంతనాలు. అక్కడ సిసెరో సుత్తి మొదలెడితే నోరు మూయించింది ఆవిడే. వీళ్ళిద్దరికీ సెనేట్ అంటగట్టిన ధాన్యం కొనుగోలు పనిని ఆ తీర్మానంలోంచి తీయించే బాధ్యత నాదీ అని మాటిచ్చింది. సెనేట్‌లో కాలు పెట్టే హక్కు లేని మనిషి సెనేట్ తీర్మానాన్ని మార్పిస్తాననడం, అదీ సిసెరో అంతవాడి ముందు! కొడుకు పోయాక పొడుచుకు చావలేదు కూడా, ఆవిడ బాగోగులు అట్టికస్ చూసుకున్నాడు. ఆ సీను ఎవరైనా తీశారా? లేదు. దానికి బదులు ఇద్దరాడవాళ్ళ పగ. మన సాయంకాలం సీరియళ్ళలో అత్తాకోడళ్ళ పగ ఉంటుందే, అచ్చం అదే, మ్యూజిక్కొకటే తేడా.

ఫుల్వియా? అసలు లేనేలేదు! ఆంటోనీ భార్య. ఆంటోనీ తూర్పున ఉండగా మరిది లూషియస్‌తో కలిసి ఆక్టేవియన్ మీద సైన్యాన్ని లేపింది. క్రీ.పూ. 41-40లో పెరూజియా ముట్టడి అలా వచ్చిందే. అప్పటి వడిసెలల్లో వాడిన సీసపు గుళ్ళు తవ్వకాల్లో దొరికాయి, కొన్నిటి మీద ఫుల్వియా పేరు, పక్కన బూతులు. శత్రుసైన్యం గుళ్ళ మీద పేరు చెక్కి తిట్టేంత ముఖ్యమైన మనిషిని సీరియల్ మొత్తం తుడిచేసింది. ఆవిడ ఉంటే ఆంటోనీ, ఆటియాల ప్రేమకథ అతకదు మరి.

క్లియోపాత్రా అంతే. ప్లూటార్క్ లెక్క ప్రకారం ఎన్నో జాతుల వాళ్ళతో దుబాసీ లేకుండా మాట్లాడేది, తన వంశంలో ఈజిప్షియన్ల భాష నేర్చుకున్న మొదటి పాలకురాలు. సీరియల్లో పరిచయమయ్యేది మత్తులో జోగుతూ. క్రీ.పూ. 32లో ఆక్టేవియన్ తెలివిగా ఆంటోనీ మీద కాకుండా ఆవిడ మీద యుద్ధం ప్రకటించి, మంత్రగత్తె మా వాణ్ణి చెడగొట్టింది అని ప్రచారం చేయించాడు. రెండువేల ఏళ్ళ తర్వాత, 10 కోట్ల డాలర్ల సీరియల్ ఆయన ప్రచార విభాగంలో ఉద్యోగానికి చేరింది.

ఇప్పుడు మళ్ళీ లిస్టు చూడండి. బ్రూటస్ మీద తప్పు ఆయన్ని వీరుణ్ణి చేసింది. పుల్లో మీద తప్పులు మనకి దగ్గర చేశాయి. ఆక్టేవియన్‌ని కర్కోటకుడిగా చూపించినా బుర్ర మాత్రం లాక్కోలేదు. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి రాజకీయం తీసేసి పడగ్గది పెట్టారు. ఒకసారైతే పొరపాటు. నాలుగుసార్లూ ఒకేవైపు తప్పితే దాన్ని పొరపాటు అనం, డిజైన్ అంటాం.

దీనికి వాళ్ళ అభిమానులు (మొన్నటిదాకా నేనే) చెప్పే సమాధానం ఒకటుంది. హెల్లర్ అయిదు సీజన్లు ప్లాన్ చేశాడు. రెండోది బ్రూటస్ చావుతో ఆగాలి, మూడూ నాలుగూ ఈజిప్టు, అయిదోది పాలస్తీనాలో క్రీస్తు కాలం. రెండో సీజన్ రాస్తుండగా ఖర్చు భరించలేం, ఇదే ఆఖరు అన్నారు. దాంతో ఈజిప్టునంతా తెచ్చి రెండోదాంట్లో కుక్కారు. టైం లేక అలా అయింది పాపం, అని.

అయ్యా, మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం. రిలీజ్ డేట్ ముందుకి జరిపి స్కోప్ అలాగే ఉంచడం అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, జాలి నాకూ ఉంది. కానీ ఆ వాదన ఇక్కడ నిలబడదు. క్రీ.పూ. 43లో ఆటియాని చరిత్ర ప్రకారం పోనిచ్చి ఉంటే టైం కలిసొచ్చేది! ఆటియా, సెర్విలియాల కక్షలకి మొదటి సీజన్ నుంచీ గంటలు గంటలు ఖర్చుపెట్టారు. అది కోసుకుంటే ఫుల్వియాకి, పెరూజియాకి బోలెడు చోటు. పైగా ఇదంతా మొదలైంది మొదటి సీజన్‌లో, డబ్బూ టైమూ దండిగా ఉన్నప్పుడు.

"పాలీ వాకర్ ఎంత బాగా చేసిందో చూడవేం" అంటారా? చూశాను, అద్భుతం. ఆ పాత్ర ఉండాల్సిందే. వొరీనస్ భార్య నయోబీకి పేరు కల్పించినట్టే దీనికీ ఒక కల్పిత పేరు పెట్టుంటే నేను లేచి చప్పట్లు కొడుదును. నిజం మనిషి పేరు మీద రాసేముందు మాత్రం ఆ పేరున ఉన్న రికార్డు చూడాలి.

ఇహ భవిష్యత్తు. "మూడో సీజన్ వస్తుందా" అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. రాదు. 2007 ఆగస్టులో చినెచిట్టాలో మంటలొచ్చి సెట్లలో కొంత భాగం కాలిపోయింది. సినిమాగా తీస్తామని హెల్లర్ కొన్నాళ్ళు చెప్పాడు, అది కాగితం దాటలేదు. ఇప్పుడు పుల్లోయే లేడు. రే స్టీవెన్‌సన్ లేకుండా ఎవరైనా మొదలెట్టినా నేను చూడను.

కానీ కొత్తగా ఎవరో తీస్తారు, తప్పకుండా తీస్తారు. 2011లో మొదలైన గేమ్ ఆఫ్ థ్రోన్స్ తర్వాత ఇంత ఖర్చు పెట్టడానికి ఛానెళ్ళకి ధైర్యం వచ్చింది. 2021లో వచ్చిన "డామినా" ఆక్టేవియన్ భార్య లివియాని మధ్యలో కూర్చోబెట్టి కథ నడిపింది, 2023లో రెండో సీజన్ కూడా వచ్చింది. ఆడవాళ్ళ రాజకీయాన్ని కథ చేస్తే చూసేవాళ్ళు లేరు అన్న సాకు ఇక చెల్లదు. నన్నడిగితే తర్వాతి రోమ్ పెరూజియా ముట్టడి లోంచి, ఫుల్వియా పేరు చెక్కిన ఒక సీసపు గుండు గాల్లో దూసుకురావడంతో మొదలవ్వాలి.

ఎందుకింత గొడవ, రెండువేల ఏళ్ళ కిందటి మనుషులు కదా అంటారేమో. నాలాంటి వాళ్ళకి టాసిటస్ తెలియదండీ, టీవీ తెలుసు. ఆ క్యాంటీన్లో నా మాట విని రోమ్ చూసినవాళ్ళలో ఎంతమంది ఆటియా పేరు వినగానే ఛీ అనుకుంటారో! వాళ్ళ దగ్గరికి వెళ్ళి "తూచ్" అనడానికి నాకు దారి లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా ఆవిడకి ఇదంతా చెప్పా. ఓపిగ్గా విని, "అయితే మిగతా భాగాలు చూడొద్దంటారా?" అంది. చూద్దాం, బాగుంటుంది అన్నా. ఈసారి రిమోట్ నా చేతిలో ఉంటుంది, ఆటియా వచ్చినప్పుడల్లా ఆపి చెప్తా అన్నా. రిమోట్ మాత్రం ఇవ్వలేదు.