తొలి స్కాన్ చెప్పిన తేదీ

గర్భిణి పేరు రాయించుకోవడానికి వెళ్తే ఏఎన్ఎం మొదట అడిగేది ఒకటే: కడపటిసారి బయట చేరింది ఎప్పుడమ్మా? మా వైపు చాలాసార్లు దానికి జవాబుగా తేదీ రాదు. ‘గంగజాతర అయినాక రెండో దినం’ అనో, ‘సంక్రాంతికి ముందు శుక్రవారం’ అనో వస్తుంది. ఆమె క్యాలెండర్ తిప్పి, ఆ గుర్తును తేదీగా మార్చి కార్డులో రాస్తుంది. కొందరు తలకు పోసుకున్న రోజు చెబుతారు. లెక్కకు కావలసింది ముట్టు మొదలైన రోజు. అక్కడే నాలుగైదు రోజులు జారిపోతాయి.

ఆ రోజుకు ఏడు రోజులు కలిపి, మూడు నెలలు వెనక్కి వెళ్లి, ఏడాది ముందుకు జరిపితే కాన్పు తేదీ వస్తుంది. జనవరి 14న ముట్టయితే అక్టోబరు 21. హైడల్‌బర్గ్‌లో పనిచేసిన జర్మన్ వైద్యుడు నేగెలే పేరిట 19వ శతాబ్దం నుంచి వాడుకలో ఉన్న లెక్క ఇది. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. 28 రోజులకోసారి తప్పకుండా ముట్టయ్యేవాళ్లకు ఇది కుదురుతుంది. 35 రోజులకోసారి అయ్యేవాళ్లకు ఇంకో వారం కలపాలి. చంటిబిడ్డకు పాలిస్తూ, ముట్టు తిరిగి రాకముందే మళ్లీ నీళ్లోసుకున్న తల్లికైతే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు.

పెద్దవాళ్ల లెక్క తక్కువదేమీ కాదు. ఆషాఢంలో కొత్తకోడలిని పుట్టింటికి పంపడానికి వాళ్లు చెప్పే కారణాల్లో ఒకటి, ఆ నెలలో కడుపు పడితే ఎండలు ముదిరే చైత్రంలో కాన్పు వస్తుందని. తమిళ సరిహద్దు పల్లెల్లో ఆడి నెలకూ ఇదే మాట చెబుతారు. కడుపు పడిన రోజు నుంచి కాన్పుకు సుమారు 266 రోజులు. చాంద్రమానంలో నెలకు 29న్నర రోజులు కాబట్టి తొమ్మిది నెలలకూ దాదాపు అన్నే. మధ్యలో అధికమాసం వస్తే నెల పేరు ఒకటి వెనక్కి జరుగుతుంది, అంతే. ఏ యంత్రమూ లేకుండా ఇంత దగ్గరగా పట్టుకున్నవాళ్ల మీద నాకు గౌరవం.

చిక్కంతా రెండు లెక్కలు కలిసినచోట వస్తుంది. కార్డులో 28 వారాలని ఉంటుంది. నెల తప్పిన రోజు నుంచి లెక్కించే అత్తకు అది ఆరో నెల. కడపటి ముట్టు నుంచి క్యాలెండర్ చూసే అమ్మకు ఏడో నెల. నాలుగు వారాలొక నెలగా భాగించే ఆడబిడ్డకు ఎనిమిదో నెల. ముగ్గురూ తమ పద్ధతిలో సరిగానే చెబుతున్నారు. సీమంతం ఎప్పుడు చేయాలన్న దానికి ఈ తేడాతో నష్టం లేదు. డాక్టరు ముందు మాత్రం వారాలే చెప్పండి.

అన్నిటికన్నా నమ్మదగింది మూడు నెలల లోపు తీసే స్కాన్. అప్పుడు బిడ్డ పొడవును తల నుంచి పిరుదుల దాకా కొలుస్తారు. తేడా వస్తే అయిదు నుంచి ఏడు రోజులు. ఆ వయసులో బిడ్డలందరూ ఇంచుమించు ఒకే తీరున పెరుగుతారు. తర్వాత తల్లి తిండి, రక్తం, బీపీ, వంశం అన్నీ బిడ్డ సైజును మారుస్తాయి. ఏడో నెల దాటాక తీసిన స్కాన్ మూడు వారాల దాకా తప్పవచ్చు. అందుకే తొలి స్కాన్‌తో ఖాయమైన తేదీని తర్వాతి స్కాన్‌లను చూసి మార్చరు. బిడ్డ చిన్నగా ఉందని కాన్పు తేదీని ఇంకా తర్వాతకు జరిపితే, ఎదుగుదల ఆగిన బిడ్డ కళ్లెదుటే ఉండి కనపడకుండా పోతుంది. తొలి స్కాన్ లేనివారి కోసం మద్రాసు ఐఐటీ, ఫరీదాబాద్‌లోని పరిశోధన సంస్థ కలిసి మన దేశపు తల్లుల కొలతలతోనే ‘గర్భిణి’ అనే సూత్రాన్ని తయారుచేసి 2024లో ప్రకటించాయి. అంతవరకు మన స్కాన్‌లు చాలావరకు పాశ్చాత్య దేశాల బిడ్డల కొలతల మీదే నడిచాయి.

నా అసలు ఆందోళన ముహూర్తపు కాన్పుల గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద అవి 21న్నర. ప్రాణం కాపాడే ఆపరేషన్లను నేను తప్పుపట్టడం లేదు. కానీ నక్షత్రం కుదిరిందని 37వ వారంలోనే బిడ్డను తీయమని అడిగే కుటుంబాలు ఉన్నాయి. కార్డులో తేదీ రెండు వారాలు తప్పి ఉంటే ఆ బిడ్డకు నిజానికి 35 వారాలే. ఊపిరితిత్తులు సిద్ధం కాని బిడ్డ, మంచి ఘడియలో పుట్టి నేరుగా ఎన్‌ఐసీయూకి వెళ్తుంది. వైద్యపరంగా అవసరం లేని ఆపరేషన్ 39 వారాలు నిండకముందు చేయకూడదన్నది డాక్టర్లందరికీ తెలిసిన నియమం. నేను నమ్మకాన్ని వదులుకోమనడం లేదు. 39 వారాలు నిండిన తర్వాత కూడా పంచాంగంలో మంచి రోజులు ఉంటాయి, అయ్యవారిని ఆ వారంలో వెతకమనండి. ఇచ్చిన తేదీ నాడే పుట్టేవాళ్లు నూటికి నలుగురైదుగురే కాబట్టి, తేదీ దాటిన మరునాడే కంగారుపడి ఆపరేషన్ అడగాల్సిన పనీ లేదు. 41 వారాలు దాటితే ఏం చేయాలో డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి నెల్లూరు, కడప వైపు నుంచి కూడా నొప్పులతో వస్తారు. చేతిలో కాగితం లేకుండా వచ్చిన అమ్మాయికి 33 వారాలో 37 వారాలో డాక్టరు ఊహించాల్సి వస్తే, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయాలా వద్దా అన్నది కూడా ఊహే అవుతుంది. కుప్పం, సత్యవేడు పల్లెల గర్భిణికి మూడు నెలల లోపు ఒక స్కాన్ ఉచితంగా, దగ్గర్లోనే దొరకాలి. ప్రతి నెలా 9వ తేదీన జరిగే గర్భిణుల పరీక్షల రోజున దీన్నే మొదటి పనిగా పెట్టుకోవాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. తొలి కాన్పుకు బెంగళూరు నుంచో, చెన్నై నుంచో కూతుర్ని తెచ్చుకునే తల్లులకూ ఒక మాట: చీరలూ గాజులూ మరిచినా పరవాలేదు, ఆ మొదటి స్కాన్ కాగితాన్ని మాత్రం కార్డులో పెట్టి తెచ్చుకోండి.