సీట్లు పెంచుతారు, జీతం మాట ఎత్తరు

నర్సింగ్ విద్య మీద ఏ ప్రభుత్వ ప్రకటన చూసినా రెండే మాటలు. కొత్త కాలేజీలు తెస్తాం, విదేశాల్లో ఉద్యోగాలు చూపిస్తాం. ఇంటర్ బైపీసీ పాసై బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలా వద్దా అని ఊగిసలాడుతున్న ఆడపిల్ల, ఆమె తల్లిదండ్రులు అడిగేది మూడో మాట. నాలుగేళ్లు చదివి బయటికొచ్చాక ఇక్కడే, మన ఊళ్లోని ఆస్పత్రిలోనే పనిచేస్తే నెలకు ఎంత చేతికొస్తుంది? మంత్రులు, అధికారులు, టీవీ చర్చల్లో కూర్చునే నిపుణులు ఈ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి నోరు మెదపరు. జవాబు తెలియక కాదు. అది 2016 నుంచీ సర్కారు ఫైళ్లలోనే ఉంది.

ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుల దుస్థితిపై ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో 2016 జనవరి 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జీతాలు, పని పరిస్థితులు పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ ఆస్పత్రి పడకలను బట్టి లెక్క తేల్చింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రి రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. 100 దాటితే అంతకంటే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 పడకలైతే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 పడకల్లోపు చిన్న ఆస్పత్రి అయినా నెలకు 20 వేల రూపాయలకు తక్కువ ఇవ్వకూడదు. సెలవులు, పనిగంటలు, వైద్య సదుపాయం, రవాణా, వసతి కూడా ప్రభుత్వ నర్సులకు ఉన్నట్టే ఉండాలి. కేంద్ర ఆరోగ్య శాఖ అదే ఏడాది ఈ సిఫార్సులను అమలు కోసం రాష్ట్రాలకు పంపింది.

20 వేలు. అతి చిన్న ఆస్పత్రికి, 2016 నాటి ధరల్లో, ఇక అంతకంటే దిగకూడదని గీసిన గీత అది. అప్పటి నుంచి ధరలు దాదాపు సగం మేర పెరిగాయి కాబట్టి ఆ 20 వేలు ఇవాళ్టి 30 వేలకు దగ్గర. మన చిన్న ఆస్పత్రుల్లో, నర్సింగ్ హోముల్లో బీఎస్సీ పాసైన నర్సును పది, పన్నెండు వేలకు చేర్చుకోవడం ఇప్పటికీ మామూలు విషయం. కేంద్ర ప్రభుత్వ ఆస్పత్రిలో ఇదే డిగ్రీతో చేరిన నర్సింగ్ ఆఫీసర్ మూల వేతనం 44,900 రూపాయలు. చదువు ఒకటే, రిజిస్ట్రేషన్ ఒకటే, వేసే ఇంజెక్షన్ ఒకటే. మధ్యలో ఉన్న అగాధాన్ని కొంతైనా పూడ్చమని చెప్పిన కాగితాన్ని మాత్రం తెలుగు రాష్ట్రాల్లో అమలు చేసిన ప్రభుత్వం లేదు.

దీని గురించి అడగాల్సిన చోట మనవాళ్లు దేని గురించి పోట్లాడుకున్నారో గుర్తుచేసుకుందాం. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,570 కోట్ల ఖర్చుతో 157 ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలకు ఆమోదం తెలిపింది. 2014 తర్వాత కేంద్ర సాయంతో వచ్చిన మెడికల్ కాలేజీలకు అనుబంధంగా వీటిని పెడతామన్నారు. ఆ జాబితాలో తెలంగాణకు ఒక్క మెడికల్ కాలేజీ కూడా లేదు కాబట్టి నర్సింగ్ కాలేజీ కూడా రాలేదు. ఆంధ్రప్రదేశ్‌కు మూడొచ్చాయి. ఇక సున్నా ఎందుకు, మూడే ఎందుకు అని రాజకీయ రచ్చ. వివక్ష ఉంటే ప్రశ్నించాల్సిందే. కానీ ఆ నిర్ణయాన్ని ప్రకటిస్తూ కేంద్రమే చెప్పిన ఇంకో సంగతిని రచ్చ చేసినవాళ్లు చదివినట్టు లేదు. దేశంలోని నర్సింగ్ విద్యాసంస్థల్లో 42 శాతానికి పైగా ఐదు దక్షిణాది రాష్ట్రాల్లోనే ఉన్నాయి. 40 శాతానికి పైగా జిల్లాల్లో ఒక్క సంస్థ కూడా లేదు. ఆ జిల్లాలకు కాలేజీలు కావాలి, కట్టాలి. దక్షిణాదిన మన సమస్య వేరే చోట ఉంది.

అదెక్కడుందో తెలంగాణలో జరిగిన ఒక నియామకమే చూపిస్తుంది. 2022 డిసెంబరులో ప్రభుత్వం 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే సుమారు 40 వేల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. తర్వాత పోస్టులు పెంచి ఏడు వేల దాకా తీసుకెళ్లినా, ఒక్కో పోస్టుకు అయిదారుగురు పోటీపడ్డట్టు. నర్సులే దొరకడం లేదని వాపోయే రాష్ట్రంలో ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారు? వాళ్లంతా చదువుకున్నవాళ్లే, రిజిస్టర్ అయినవాళ్లే. బతకడానికి సరిపడే జీతం సర్కారు కొలువులోనే దొరుకుతుందని తెలిసినవాళ్లు. దేశం మొత్తం మీద రిజిస్టర్ అయిన నర్సింగ్ సిబ్బంది 33 లక్షల పైచిలుకని కొన్నేళ్ల కిందట కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. వెయ్యి మంది జనాభాకు ముగ్గురు నర్సులుండాలి, మనకు ఇద్దరు కూడా లేరు అని ఉపన్యాసాల్లో చెప్పే లెక్క ఈ రిజిస్టర్ ఆధారంగా వేసిందే. పెళ్లయ్యాక ఆ జీతానికి నైట్ డ్యూటీలు చేయలేక మానేసినవాళ్ల పేర్లూ, గల్ఫ్‌కు వెళ్లిపోయినవాళ్ల పేర్లూ అందులో ఉన్నాయి. కొత్తగా ఎన్ని వేల మందిని చదివించి ఆ పుస్తకంలోకి ఎక్కించినా, 20 వేల గీత అమలు కాకపోతే వాళ్లూ వీళ్ల దారే పడతారు.

ఆ చదువు ఆషామాషీ చదువు కాదు. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన సిలబస్ ప్రకారం మూడు, నాలుగు సెమిస్టర్లలో అడల్ట్ హెల్త్ నర్సింగ్ ఉంటుంది. పెద్దల మెడికల్, సర్జికల్ వార్డుల పని నేర్చుకునేది అక్కడే. ఆ ఒక్క సబ్జెక్టుకే సెమిస్టర్‌కు 480 గంటల చొప్పున క్లినికల్ పోస్టింగ్. చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. 22 వారాలు, వారానికి 48 గంటలు, అంటే 1,056 గంటలు. ఆ గంటల్లో మందుల ట్రాలీ తోసేది, వార్డంతా తిరిగి బీపీ, టెంపరేచర్ రాసేది, క్యాన్యులా పెట్టేది, రోగిని పక్కకు తిప్పి బెడ్‌సోర్ రాకుండా చూసేది ఈ విద్యార్థులే. చాలా ఆస్పత్రుల్లో వాళ్లు పోస్టింగ్‌కు రాని రోజున వార్డు నడవదు. స్టాఫ్‌ను పెంచకుండా యాజమాన్యాలు నెట్టుకొస్తున్నది ఫీజు కట్టి చదువుకునే పిల్లల చాకిరీ మీద.

ఇంత చదివాక ఆమె చేసే పని ఎలాంటిది? సర్జికల్ వార్డులో రాత్రి రెండు గంటల వేళ. కడుపు ఆపరేషన్ అయిన మనిషికి పెట్టిన యూరిన్ బ్యాగును గంటగంటకూ కొలిచి ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులో రాస్తుంది. గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గిందంటే కిడ్నీలకు రక్తం అందడం లేదేమోనని అనుమానించాల్సిందీ, నాడి చూసి, బీపీ చూసి, డ్రెయిన్‌లో రక్తం పెరిగిందా అని చూసి డ్యూటీ డాక్టరును లేపాల్సిందీ ఆమే. పక్క బెడ్‌లో షుగర్ వల్ల కాలికి పుండుపడిన పెద్దాయన. ఆయనకు చెమటలు పోస్తూ మాట తడబడితే, నిద్రమత్తు అనుకోకుండా వెంటనే వేలు గుచ్చి షుగర్ పడిపోయిందేమో చూడాల్సిందీ ఆమే. డాక్టరు రౌండ్స్‌కు వచ్చేది రోజుకు ఒకటి రెండు సార్లు. మిగతా సమయమంతా రోగి ప్రాణానికి కాపలా నర్సు చదువే. బోధనాస్పత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలని కౌన్సిల్ ప్రమాణం. నైట్ డ్యూటీలో ఇద్దరు నర్సులు ముప్పై, నలభై బెడ్లు చూసుకునే వార్డుల్లో ఆ ప్రమాణం ఎక్కడుందో అధికారులే వెళ్లి చూడాలి.

ఇక్కడ పెద్దమనుషులు కొందరు సేవాభావం గురించి చెబుతారు. ఈ తరం పిల్లలకు ఓపిక లేదని, డబ్బే ముఖ్యమైపోయిందని అంటారు. ఈ మాట నర్సుకు తప్ప ఆస్పత్రిలో ఇంకెవరికీ చెప్పరు. సర్జన్‌ను తక్కువ ఫీజుకు సేవాభావంతో ఆపరేషన్ చేయమనరు. యంత్రాలు అమ్మే కంపెనీని సేవాభావంతో ధర తగ్గించమనరు. అధిక శాతం ఆడవాళ్లు చేసే పని కాబట్టి, అందులోనూ పేద, దళిత, గిరిజన, వెనకబడిన కుటుంబాల పిల్లలు ఎక్కువగా వచ్చే పని కాబట్టి సేవ పేరు చెప్పి చవగ్గా చేయించుకోవచ్చని ధీమా. కోవిడ్‌లో పూలు చల్లారు, చప్పట్లు కొట్టారు. 2021 జూలైలో తెలంగాణలో పదహారు వందల మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను ఒక్కసారిగా తీసేస్తే వాళ్లు రోడ్డెక్కారు. చప్పట్లు జీతం కావని ఆ రోజే తేలిపోయింది.

విదేశీ ఉద్యోగాల వాదన ఇంకొకటి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్‌లకు నర్సులను పంపుతోంది, భాష నేర్పిస్తోంది. వెళ్లాలనుకునేవాళ్లను ఆపే హక్కు ఎవరికీ లేదు, మోసగాళ్లయిన ఏజెంట్ల బారిన పడకుండా ప్రభుత్వం చూస్తే మంచిదే. బ్రిటన్‌లో అడల్ట్ నర్సింగ్ అనేది విడిగా ఒక డిగ్రీ. మన బీఎస్సీ నర్సులు అక్కడి పరీక్షలు పాసై అదే విభాగంలో రిజిస్టర్ అవుతారు, ఏడాదికి 31 వేల పౌండ్ల పైన జీతంతో మొదలుపెడతారు. అయితే ఆ బ్రిటన్ నుంచి మన పాలకులు నేర్చుకోవాల్సిన పాఠం వేరే ఉంది. ఇంగ్లండ్‌లో నర్సింగ్ విద్యార్థులకు ఇచ్చే ఉపకార వేతనాన్ని 2017లో ఎత్తేసి చదువును అప్పుల పాలు చేశారు. ఆ ఏడాదే అక్కడ నర్సింగ్ దరఖాస్తులు 23 శాతం పడిపోయాయి. సీట్లు పెరుగుతాయని చెప్పి తెచ్చిన సంస్కరణ అది. చివరికి 2020లో ఏడాదికి 5 వేల పౌండ్ల సాయం తిరిగి మొదలుపెట్టక తప్పలేదు. డబ్బు లెక్క చెడితే ఈ చదువుకు జనం దూరమవుతారని, సంపన్న దేశమే దెబ్బతిని తెలుసుకుంది.

20 వేలు ఇస్తే చిన్న ఆస్పత్రులు మూతపడతాయని యాజమాన్య సంఘాలు అంటాయి. చిన్న పట్టణంలో ఇరవై పడకల ఆస్పత్రి నడిపే డాక్టరు ఇబ్బంది కొంత నిజమే. అందుకే కదా కమిటీ పడకల సంఖ్యను బట్టి నాలుగు మెట్లు పెట్టింది! చిన్నవాటికి వెసులుబాటు సిఫార్సులోనే ఉంది. పోనీ, వాటి మాట తర్వాత చూద్దాం. 200 పడకలు దాటిన కార్పొరేట్ ఆస్పత్రుల సంగతేమిటి? ఐసీయూ రోజువారీ బిల్లులో నర్సింగ్ ఛార్జీలని విడిగా ఒక పద్దు వేసి రోగి దగ్గర వసూలు చేస్తున్నారు. ఆ పద్దులో ఎంత భాగం నర్సు చేతికి వెళుతోందో ఏ ప్రభుత్వమైనా ఒక్కసారి ఆడిట్ చేయించిందా? జీతం ఇవ్వలేక అర్హత లేనివాళ్లకు యూనిఫాం తొడిగి వార్డులో నిలబెట్టే ఆస్పత్రులు బతికితే రోగులకు ఒరిగేదేమీ లేదు.

చేయాలనుకుంటే చేయవచ్చని కేరళ చూపించింది. 2017లో అక్కడి ప్రైవేటు నర్సులు సమ్మెకు దిగారు, సుప్రీంకోర్టు కమిటీ కాగితాన్నే పట్టుకుని నిలబడ్డారు. ప్రభుత్వం దిగివచ్చి 2018 ఏప్రిల్‌లో 20 వేల రూపాయల కనీస మూల వేతనాన్ని నోటిఫై చేసింది. కొత్త చట్టం తేలేదు, ఉన్న కనీస వేతనాల చట్టాన్నే వాడుకుంది. యాజమాన్యాలు కోర్టుకెక్కాయి, అమలులో ఎగవేతలూ ఉన్నాయి. అయినా అక్కడి నర్సుకు చేతిలో పట్టుకుని అడగడానికి ఒక జీవో ఉంది. మన నర్సుకు అదీ లేదు. కనీస వేతనం నిర్ణయించే అధికారం కేంద్రం తెచ్చిన వేతన కోడ్ వచ్చాక కూడా రాష్ట్రాలదే. ఢిల్లీ మీద నెపం వేసే వీలు హైదరాబాద్‌కూ లేదు, అమరావతికీ లేదు.

కాబట్టి ఇక మాటలు చాలు. రెండు ప్రభుత్వాలూ 2016 కమిటీ సిఫార్సులను నాలుగు మెట్లతో సహా, ఇవాళ్టి ధరలకు సవరించి జీవోగా ఇవ్వాలి. జీతం బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఆ వివరాలు ఇవ్వని ఆస్పత్రికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపాలి. ఆరోగ్యశ్రీ డబ్బు తీసుకునే ఆస్పత్రి నర్సుల వేతన పట్టిక బయటపెట్టాలి. ప్రజల సొమ్ముతో నడిచే చోట ప్రజలకు లెక్క చెప్పడం కనీస ధర్మం. ఇంటర్న్‌షిప్ చేసే విద్యార్థికి స్టైపెండ్ ఇవ్వని కాలేజీకి సీట్లు కోయాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని నర్సును కదలనివ్వని యాజమాన్యం మీద కేసు పెట్టాలి. ఇందులో ఒక్కదానికీ కొత్త కాలేజీ భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. బహుశా అందుకే ఏ నాయకుడికీ ఇది పట్టడం లేదు. ఇక మీదట నర్సుల కొరత తీరుస్తామని వేదికెక్కిన ప్రతి మంత్రినీ విలేకరులు, విద్యార్థులు, తల్లిదండ్రులు ఒక్క ప్రశ్నే అడగాలి. 2016లో చెప్పిన 20 వేలు ఎప్పుడిస్తారు? తేదీ చెప్పలేని మంత్రికి ఇంకో ఆడపిల్లను నర్సింగ్‌లో చేరమని పిలిచే హక్కు లేదు.